బెలూన్లు చాలవా అని అడిగారు కదా

జెనీవా

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అమ్మ మోకాలికి డాక్టరు చెప్పిన వ్యాయామాలు మానేసిందట. ఈ విషయంలో ఆమె మాట వినకండి.

మన ఈసీఐఎల్ దగ్గర టాటా పరిశోధన సంస్థ వాళ్లు ఎగరేసే బెలూన్లు ఉండగా, కాస్మిక్ కిరణాల కోసం అంతరిక్షం దాకా పోవడం దేనికని అడిగారు. ఫోనులో తేలే విషయం కాదని రాస్తున్నాను.

మాకు అడ్డు గాలి. కాస్మిక్ కిరణమంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణమే. అది గాలిలోని ఏదో పరమాణు కేంద్రకాన్ని ఢీకొని ముక్కలవుతుంది, ఆ ముక్కలు మరిన్ని ముక్కలై జల్లులా నేలకు దిగుతాయి. ఈ ఉత్తరం పట్టుకున్న మీ అరచేతిలోంచి కూడా ఆ జల్లులోని మ్యూయాన్లనే కణాలు సెకనుకు ఒకటో రెండో పోతుంటాయి. వాటిని చూసి పైనుంచి బయల్దేరింది ప్రోటానా, ఇనుము కేంద్రకమా అని చెప్పడం చాలా కష్టం. బెలూను ఎక్కే ఎత్తులోనూ పలచగా గాలి ఉంటుంది, పైగా ఎక్కువ కాలం నిలవదు.

కాస్మిక్ కిరణాలను పట్టే మా పరికరం ఏఎంఎస్ 2011 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. అందులోని అయస్కాంతం కణం దారిని వంచుతుంది. ఎంత వంగిందో, ఎటు వంగిందో సిలికాన్ పలకలు పట్టేస్తాయి, కణం ఎలాంటిదో తేల్చడానికి అదే ఆధారం. చిక్కల్లా శక్తి పెరిగేకొద్దీ వస్తుంది. దారి దాదాపు తిన్నగా అయిపోతుంది, వచ్చే కణాలూ తగ్గిపోతాయి. మరీ పైశక్తుల్లో చదరపు మీటరుకు ఏడాదికి ఒక్కటి వస్తే గొప్ప. అంత అరుదైనవాటికి మళ్లీ నేలమీద విశాలంగా వల పరచవలసిందే. ఊటీలో నేలమీద పరిచిన గ్రేప్స్-3 అనే పరికరాల వల చేసేది అదే. కాబట్టి మీ ప్రశ్నలో సగం న్యాయం ఉంది.

ఇంకో సంగతిలోనూ బెలూనుదే పైచేయి. దాని పరికరాలు ఏ చేలోనో దిగితే, ముట్టుకోవద్దని పేపర్లో ప్రకటన ఇచ్చి తెచ్చుకుంటారు. మాదాన్ని దించలేం. చల్లబరిచే పంపులు ఒక్కొక్కటే మొరాయిస్తే, 2019 నవంబరు నుంచి 2020 జనవరి దాకా ఇద్దరు వ్యోమగాములు నాలుగుసార్లు బయటికి వెళ్లి, గొట్టాలు కోసి కొత్త పంపులు అమర్చారు. కక్ష్యలో విప్పడానికని తయారుచేసిన యంత్రమే కాదది! జీవితమంతా మరమ్మతులు చేసిన మీకు ఆ వీడియో నచ్చుతుంది. చెల్లికి పంపాను, పెద్ద తెర మీద పెట్టమనండి.

మీ
చిన్నవాడు