భారతం లైవ్‌లో చూస్తే చదివింపులు ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఈ ఎండాకాలం మా ఊరి భారతం మిట్ట (మహాభారత నాటకాలాడే చోటు) మీద పద్మవ్యూహం నాటకం ఆడిన రోజు, రాత్రి ఒంటిగంటకు చూస్తే నూరుమంది కూడా లేరు. అభిమన్యుడి వేషగాడు గొంతు చించుకుని పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో ఇద్దరు ముసలాళ్లు కునికిపాట్లు పడుతున్నారు. పక్కన కర్రకు కట్టిన సెల్‌ఫోన్ ఒక్కటే రెప్పవాల్చకుండా చూస్తోంది. ఓ యూట్యూబ్ చానల్ వాళ్లు లైవ్ ఇస్తున్నారట. నా ఫోన్లో తెరిచాను. అక్కడ చూసేవాళ్లు మిట్ట మీది జనానికి ఎన్నో రెట్లున్నారు.

లైవ్ వద్దనడం లేదు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని మా అమ్మ ఈసారి కృష్ణ రాయబారం మొత్తం ఫోన్లోనే చూసింది. బెంగళూరులో ఉన్న మా పిల్లలు మర్నాడు తీరిగ్గా చూశారట, పద్యం వచ్చినప్పుడల్లా ముందుకు జరుపుతూ. (పద్యాలు తీసేస్తే నాటకంలో ఇంకేం మిగిలిందో వాళ్లకే తెలియాలి.) అర్జున తపస్సుకు మాత్రం ఇప్పటికీ జనం కదిలొస్తున్నారు. తపసుమాను (తపస్సు కోసం ఎక్కే ఎత్తైన మాను) మీంచి అర్జునుడు విసిరే నిమ్మకాయను ఫోన్లో ఒడిపట్టలేం గదా!

నా బాధంతా ఆటగాళ్లకు జనం ఇచ్చే చదివింపుల గురించే. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు 18 రోజుల భారతం జరుగుతుందంటే మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. కమిటీ వాళ్లు, ఉభయదారులు (ఉత్సవం ఖర్చు భరించే దాతలు) ఇచ్చే డబ్బు జట్టుకు వ్యాను బాడుగకు, వేషాలకు, మద్దెల, హార్మోనియం వాళ్లకే సరిపోతుందని నాకు తెలిసిన ఆటగాళ్లు చెబుతారు. వాళ్ల చేతిలో మిగిలేది, పద్యం బాగుందని ఎవరో లేచి వంద చదివిస్తే, మైకులో పేరు చెప్పి తీసుకునే ఆ నోటే. ఇంట్లో పడుకుని చూసేవాడు లైకు కొడతాడు. లైకు ఆటగాడికి చేరదు. ప్రకటనల డబ్బేమైనా వస్తే చానల్ వాళ్లకే. ఆ రాత్రి ధర్మరాజు వేషం కట్టినాయనను అడిగితే, వీడియో తీస్తామని తనను ఎవరూ అడగనే లేదన్నాడు.

చట్టం మాత్రం అడగాలనే అంటోంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు హక్కులిచ్చింది. నటులు, గాయకులతో పాటు పాములాడించేవాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చారు. అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేసి జనంలోకి వదలకూడదు. ఈ హక్కు 50 ఏళ్లుంటుంది. వీధినాటకం వాళ్లకు ఈ సంగతి చెప్పినవాళ్లెవరు?

కమిటీ పెద్దలకు ఒకటే మనవి. వచ్చే ఏడు జట్టుకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే లైవ్ ఉంటుందా, ఉంటే జట్టుకెంత అన్నది కాగితం మీద రాయించండి. లైవ్ ఇచ్చేవాళ్లు తెర మూల జట్టు నాయకుడి క్యూఆర్ కోడ్ పెడితే బెంగళూరు నుంచి కూడా చదివించవచ్చు. ఆ పేర్లూ మైకులో చదవండి, మా పిల్లలు కనీసం తమ పేరు కోసమైనా పద్యం దాకా ఆగుతారు.

– ఓ పాఠకుడు, పూతలపట్టు, చిత్తూరు జిల్లా