గ్రిల్ ధర అడిగే ముందు కప్పు, కాలువ లెక్క వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఆరుబయట వంటగది, గట్టులోనే అమర్చిన గ్రిల్ అంటూ మీ ఆదివారం పేజీల్లో వస్తున్న ఫొటోలు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను జడ్చర్ల దగ్గర తాపీ మేస్త్రీని. షాద్‌నగర్, బాలానగర్, మహబూబ్‌నగర్ వైపు ఇళ్ళు కడుతుంటాను. బెంగళూరు హైవే పొడుగునా ఫామ్‌హౌస్‌లు లేస్తున్నాయి. ఊళ్ళల్లో కూడా కొడుకో కూతురో అమెరికాలో ఉంటే, కొత్త ఇంటి పెరట్లో గ్రిల్ ఉండాల్సిందే అంటున్నారు. ఫోన్‌లో నాకు చూపించేది దాదాపు ఒకటే ఫొటో. నల్ల గ్రానైట్ గట్టు, మధ్యలో మెరిసే స్టీలు గ్రిల్, చుట్టూ పచ్చగడ్డి. 'ఇది ఎంతలో అవుతది మేస్త్రీ?' అంటారు. ఆ ఫొటోలో కప్పు ఉండదు, మురుగు నీళ్ళు పోయే దారి ఉండదు, కరెంటు వైరు ఉండదు. డబ్బు ముందు పెట్టాల్సింది వాటికే. మీ పేజీలో ఆ మాట ఎక్కడా రాలేదు కాబట్టి నేను చెప్తున్నాను.

గ్రిల్ మిషన్‌ను ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఈ ఏడాది కాకపోతే వచ్చే దసరాకు. మట్టి కింద వేసే పైపులు అట్లా కాదు. పెరట్లో షాబాద్ బండలు పరిచిన తర్వాత సింకు పైపు గుర్తొస్తే బండలు పగలగొట్టాల్సిందే. అందుకే ఇంటి చుట్టూ ఫ్లోరింగ్ వేయకముందే నీళ్ళ పైపు, మురుగు పైపు, కరెంటు పైపు మూడూ వేయించి పెట్టుకోండి. వంటగది రెండేళ్ళ తర్వాత కట్టుకున్నా పర్వాలేదు.

మురుగు పైపు నాలుగంగుళాలది వేసి, 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వాలి. మన ఇళ్ళల్లో ఆరుబయట సింకులో కడిగేది కాఫీ కప్పులు కాదు, యాటకూర. ఆ కొవ్వు పైపులో గడ్డకడుతుంది. సింకు పక్కనే మూత ఉన్న చిన్న జిడ్డు ఛాంబర్ ఒకటి కట్టిస్తే, కొవ్వు పైన తేలి అక్కడే ఆగుతుంది, అప్పుడప్పుడు తీసి పారేయవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. అయినా అందరూ మొదట వద్దనేది దీన్నే.

నీళ్ళ సంగతి నల్లగొండ, పాలమూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళు తగిలిన స్టీలు సింకు కొన్నాళ్ళకే తెల్లటి పొర కడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళల్లో ఆ నీళ్ళు వంటకు పనికిరావు. మిషన్ భగీరథ కింద వచ్చే నల్లా నీళ్ళ ట్యాంకు నుంచి ఒక పైపు ఇటు లాగితే వంటకు అవి, కడగడానికి బోరు నీళ్ళు వాడుకోవచ్చు.

గ్రిల్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. వంట అనగానే అందరూ ఆగ్నేయం అంటారు, నేను కాదనను. గాలి కూడా చూడమంటాను. మన దగ్గర వానాకాలం గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. బొగ్గులు రాజేసేది ఎక్కువగా దసరా నుంచి శివరాత్రి దాకా కాబట్టి, ఆగ్నేయం మూలన లేచిన పొగ ఆ రోజుల్లో నేరుగా ఇంటి కిటికీల్లోకి వస్తుంది. ఆ మూలే కావాలనుకుంటే కాల్చే గూడును కిటికీలకు దూరంగా ప్రహరీ వైపు జరిపి, పొగగొట్టాన్ని కప్పు కన్నా కనీసం రెండడుగులు పైకి లేపాలి. వాయవ్యం పనికొస్తుందని సిద్ధాంతి ఒప్పుకుంటే ఇంట్లోకి పొగ రాదు, కానీ పడమటి పక్కింటి వాళ్ళ సంగతి చూసుకోవాలి. ముగ్గు పోసే ముందు ఒక సాయంత్రం అక్కడ గుప్పెడు ఎండుగడ్డి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. కాగితం మీద ప్లాన్ కన్నా అది నమ్మకంగా చెప్తుంది.

నేల కూడా చూసుకోవాలి. చల్క నేల (ఎర్ర ఇసుక నేల) అయి, కింద మొరం (గట్టి గరుకు మట్టి) తగిలితే రెండడుగుల పునాది చాలు. గద్వాల, అలంపూర్ వైపు రేగడి నేలల్లో అది చాలదు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, గట్టును కూడా చీలుస్తుంది. అక్కడ నల్లమట్టి తవ్వి తీసి మొరం నింపి దిమ్మిస కొట్టాలి. ఏ నేలలో అయినా గట్టును ఇంటి గోడకు కలిపి కట్టొద్దు. రెండింటి పునాదులు ఒకే తీరుగా కుంగవు.

ఇక అసలు గ్రిల్. నాగార్జునసాగర్ లాంటి రాతి ఆనకట్ట లేచిన ప్రాంతం మనది. పాలమూరు కూలీలు దేశమంతా ప్రాజెక్టులు కట్టి వచ్చారు. రాయి, ఇటుక మనవాళ్ళకు కొత్త కాదు. నిప్పు దగ్గర పని మాత్రం వేరు. షాబాద్, తాండూరు బండలు సున్నపురాళ్ళు, నిప్పు నేరుగా తగిలితే పెచ్చులు లేస్తాయి. గ్రానైట్ వేడికి పగులుతుంది. మామూలు సిమెంటు మాలు ఎర్రటి బొగ్గుల వేడికి కొన్నాళ్ళలో పిండి అయి రాలుతుంది. బొగ్గులు పోసే గూడు లోపలి వరస నిప్పుకు తట్టుకునే ఇటుక, అంటే ఫైర్ బ్రిక్‌తోనే కట్టాలి, సిమెంటు లేకుండా నిప్పుకు ఓర్చే ఫైర్ క్లే మట్టి మాలుతో. సందు రెండు మూడు మిల్లీమీటర్లు మించొద్దు. ఇటుకను నీళ్ళలో ముంచి తీసి, పల్చటి క్లే రాసి, పక్క ఇటుకకు ఆనించి నొక్కితే మాలు సన్నగా పైకి ఉబికి రావాలి. అప్పుడే సందు సరిగా పడినట్టు. ఫైర్ బ్రిక్ వరసకు, బయటి ఎర్ర ఇటుక గోడకు మధ్య అంగుళం ఖాళీ వదలాలి. వేడికి లోపలి వరస సాగుతుంది. చోటు లేకపోతే బయటి గోడను నెట్టి పగలగొడుతుంది. కట్టిన వారం దాకా మంట పెట్టొద్దు. తర్వాత కూడా ముందు పుల్లల మంట, మర్నాడు కొంచెం పెద్దది, అట్లా మెల్లగా అలవాటు చేయాలి. కొత్త గూడులో మొదటి రోజే బస్తా బొగ్గులు పోసి దావత్ పెట్టుకుంటే పగలడం ఖాయం.

పైన గ్రానైట్‌ను ఒకే పలకగా వేయమంటారు, చూడ్డానికి బాగుంటుందని. గూడుకు అటూ ఇటూ ముక్కలుగా వేసి, గూడు అంచుకు రెండంగుళాల ఎడం పెట్టండి. రంగు కూడా నలుపు వద్దు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు నల్ల గ్రానైట్ మీద చేయి పెట్టలేరు.

మాంసం పెట్టే జాలీ దగ్గర జాగ్రత్త. వెల్డింగ్ షాపుల్లో తక్కువకు వస్తుందని జీఐ చువ్వలతో, అంటే జింకు పూసిన ఇనుప చువ్వలతో చేయిస్తున్నారు. ఆ జింకు పూత నిప్పు మీద పొగ వదులుతుంది, తిండికి అది పనికిరాదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలేనని షాపుల్లో చూపిస్తారు. తక్కువ రకమైన 202కి కూడా మామూలుగా అయస్కాంతం అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే దారి.

గ్యాస్ గ్రిల్ పెట్టుకునేవాళ్ళు మిషన్ ముందు కొని, గట్టు తర్వాత కట్టించుకోవాలి. బాలానగర్ దగ్గర ఒక తోటలో గట్టు, గ్రానైట్ అంతా అయ్యాక హైదరాబాద్ షాపు నుంచి మిషన్ వచ్చింది. వాళ్ళు ఫోన్‌లో చెప్పిన కొలతకు, వచ్చిన మిషన్‌కు రెండంగుళాలు తేడా. కోయబోతే గ్రానైట్ పలక మూలకు చీలింది. ఆ ఖర్చు యజమాని మీదే పడింది. మిషన్‌తో వచ్చే పుస్తకంలో గుంత పొడవు, వెడల్పు, లోతు, చుట్టూ వదలాల్సిన ఎడం రాసి ఉంటాయి. ఆ పేజీ మేస్త్రీ చేతికి ఇవ్వండి. అమెరికా నుంచి తెప్పించేవాళ్ళు ఇంకో సంగతి చూడాలి. పైపు గ్యాస్‌కు చేసిన మిషన్‌లో జెట్లు (గ్యాస్ వచ్చే రంధ్రాలు) పెద్దవి, మన సిలిండర్ గ్యాస్‌కు అవి ప్రమాదం. అక్కడి రెగ్యులేటర్ మన సిలిండర్‌కు ఎక్కదు.

సిలిండర్ పెట్టే అరకు కింది భాగంలో తప్పకుండా గాలి రంధ్రాలు ఉండాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది. రంధ్రాలు పైన పెడితే లాభం లేదు. మన ఊళ్ళల్లో కోతుల బాధ తెలిసిందే. రబ్బరు పైపు బయటికి వేలాడితే గుంజి పారేస్తాయి. ఎలుకలు కొరుకుతాయి. పైపు అర లోపలే ఉండాలి, తలుపుకు గట్టి గొళ్ళెం ఉండాలి. కరెంటుకు విడిగా లైను, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్‌ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. తడి చేతులతో తిరిగే చోటు అది.

నా మనసులో ఉన్న ఇంకో మాట. మన ఇళ్ళల్లో గ్రిల్ మీద చికెన్ ముక్కలు, మక్క కంకులు కాల్చుకునేది ఏడాదిలో కొన్నిసార్లే. బోనాలకు, దసరాకు, చుట్టాలొచ్చినప్పుడు పెద్ద గంజులో కూర, బగారన్నం వండుతారు. తలకాయ, కాళ్ళు కాల్చుకునేదీ బయటే. 33 అంగుళాల ఎత్తు గట్టు మీద పదిహేను కిలోల గంజు ఎత్తి దించడం ఎవరి వల్ల అవుతుంది? అందుకే గట్టు పక్కన 16 అంగుళాల ఎత్తులో ఒక పెద్ద పొయ్యికి చోటు ఇవ్వమని ప్రతి ఇంట్లో చెప్తాను. వండే ఆడవాళ్ళు వెంటనే సరే అంటారు. ఫొటో చూపించినవాళ్ళు ఆలోచించి చెప్తామంటారు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఎనిమిది అడుగుల గట్టు, బొగ్గుల గ్రిల్, సింకు, పది బై పన్నెండు అడుగుల రేకుల కప్పు. మా దగ్గర రేట్లతో నేను ఇచ్చే అంచనా ఇది, ఊరిని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. పునాది, గోడలకు ఇటుక, సిమెంటు, ఇసుక, కంకర కలిపి 15 వేలు. ఫైర్ బ్రిక్, క్లే 6 వేలు. స్టీలు జాలీ, బూడిద ట్రే 8 వేలు, అరల తలుపులు 4 వేలు. గ్రానైట్ 5 వేలు. నీళ్ళు, మురుగు 12 వేలు, కరెంటు 8 వేలు, కింద బండలు 8 వేలు. మేస్త్రీ, కూలీలకు 16 వేలు. కప్పుకు 32 వేలు. మొత్తం లక్షా 14 వేలు. దీని మీద ఇంకో 15 వేలు చేతిలో ఉంచుకుని పని మొదలుపెట్టాలి. ఇందులో కాల్చే గూడు సామాను, జాలీ కలిపి 14 వేలే. కప్పుకు అయ్యేది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. గ్యాస్ మిషన్ కావాలంటే ఆ మిషన్ ఒక్కటే ఈ మొత్తాన్ని దాటవచ్చు. పాత ఎస్టిమేట్లు దగ్గరున్నవాళ్ళు సిమెంటు లెక్క మళ్ళీ వేయించుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

డబ్బు సరిపోకపోతే ఏది ఆపాలి? గ్రానైట్ ఆపండి, కడప బండ వేసుకోండి. తలుపులు తర్వాత పెట్టించుకోండి. కప్పు ఆపొద్దు. కప్పు లేని వంటగది నాలుగు నెలలు వానకు, మూడు నెలలు ఎండకు ఖాళీగా ఉంటుంది. కప్పుకు సిమెంటు రేకులు వద్దు, మంట వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. జీఐ రేకు గానీ బెంగళూరు పెంకు గానీ వేసి, పది అడుగుల ఎత్తు ఉంచండి. చలిగాలి వస్తుందని చుట్టూ రేకులు బిగించి మూసేయడం అసలు చేయకూడదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మూసిన చోట అది ప్రాణం తీస్తుంది.

సంపాదకులకు నా మనవి రెండు ముక్కలు. ఇళ్ళ పేజీలో ఇలాంటి ఫొటో వేసినప్పుడు పక్కన కొలతలు, పైపుల దారి, అంశాల వారీగా ఖర్చు వేయండి. అది చూసి ఇంటివాళ్ళు మేస్త్రీతో కూర్చుని మాట్లాడుకోగలరు. రెండోది, హైదరాబాద్‌లోని న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) లాంటి సంస్థలు తాపీ పని నేర్పే పిల్లలకు ఫైర్ బ్రిక్ పని కూడా నేర్పాలని మీ పత్రిక ద్వారా కోరండి. మా దగ్గర ఈ పని అడిగేవాళ్ళు పెరుగుతున్నారు, చేతనైనవాళ్ళు తక్కువ.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా