జముకు వాయించిందెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

నాకిష్టమైన ఉత్తరాంధ్ర జానపద గాయకుడి కొత్త ఆల్బమ్ పోయిన వారం వచ్చింది. మా విజయనగరం కోట దగ్గర టీ కొట్టు ముందు స్కూటర్ ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడు పాటలు అక్కడే విన్నాను. టీ చల్లారిపోయింది.

గొంతులో మునుపటి ఊపు కాస్త తగ్గింది, ఒప్పుకోవాలి. పై స్థాయి అందుకోవాల్సిన చోట కోరస్‌కి వదిలేశారు. కానీ నాలుగో పాట! ముందు గజ్జెలు, వెంటనే జముకు. తోలు బిగించిన డొల్లను చంకలో ఇరికించి, తీగను ఓ చేత్తో బిగిస్తూ సడలిస్తూ రెండో చేత్తో మీటితే వచ్చే ఆ 'గుంయ్' చప్పుడు వినగానే, చిన్నప్పుడు మా తాతయ్య పక్కన దుప్పటి కప్పుకుని తెల్లార్లూ విన్న జముకుల కథ గుర్తొచ్చింది. తర్వాతి పాటలో అదే చప్పుడు కీబోర్డు మీద తెచ్చారు. ఎందుకో మరి! తేడా ఇట్టే తెలిసిపోతోంది.

నా బాధల్లా ఆ వాయించిన మనిషి పేరు ఎక్కడా లేదనే. ఫోన్లో గాయకుడి పేరు, కంపెనీ పేరు, అంతే. పాత క్యాసెట్ అట్ట మీదైనా తబలా ఎవరో, వేణువు ఎవరో వేసేవారు.

1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు మాది. ఘంటసాల వారాలు చేసుకుని చదివిందిక్కడే, సుశీలగారు పుట్టిందిక్కడే. పక్కవాయిద్యమనుకున్న ఫిడేలుతో ఒంటరిగా కచేరీలు చేసిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిందీ ఇక్కడే.

కంపెనీవారు పాట కింద ఒక్క లైను చేర్చాలి. ఈలోగా ఆ జముకు ఎవరిదో తెలిసినవారుంటే ఈ పత్రికకు రాయండి, దయచేసి.

- ఒక శ్రోత, విజయనగరం