రెండు రాజధానుల్లోనూ పనిచేసిన మీకు, రేణిగుంట నుంచి

గౌరవనీయులు విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ గారికి,

2009 నుంచి 2013 దాకా బీజింగ్‌లో, ఆ వెంటనే వాషింగ్టన్‌లో మన రాయబారిగా పనిచేసినవారు మీరు. ఆ రెండు దేశాల పోటీ మా తిరుపతి జిల్లాలో ఎవరికి తగులుతోందో చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఇక్కడ ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. అటు శ్రీసిటీలో, ఇటు రేణిగుంట, ఏర్పేడు చుట్టూ వేల మంది ఇలాంటి పనుల మీదే బతుకుతున్నారు. వాళ్లలో పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది. ఒక్క చైనానే నమ్ముకోలేక కంపెనీలు వేరే చోట్లు వెతికాయి కాబట్టే కొంత పని ఇటు వచ్చింది. కానీ మెషిన్లు, విడిభాగాలు చాలావరకు ఇప్పటికీ చైనావే.

2025 ఏప్రిల్‌లో చైనా సరుకులపై అమెరికా సుంకం 145 శాతానికి చేరింది. చైనా 125 శాతం వేసి, అరుదైన ఖనిజాల ఎగుమతిని బిగించింది. వాటితో చేసే మాగ్నెట్లు దొరక్క మన ఆటో కంపెనీలూ టెన్షన్ పడ్డాయి. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరగడమంటే ఇదే. ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామని, అమెరికా మన సరుకుల మీదే సుంకం 50 శాతానికి పెంచింది. ఫోన్లకు మినహాయింపు దొరికింది. రొయ్యల రైతులకు అదీ దొరకలేదు.

అంత గొడవలోనూ అమెరికా, చైనా మాటలు మానలేదు. మేలో జెనీవాలో అధికారులు కూర్చున్నారు, అక్టోబర్ 30న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశారు. మన సంగతి చూడండి. 2019 అక్టోబర్‌లో మహాబలిపురంలో మోదీ గారు, షీ కలిశారు. ఎనిమిది నెలలకే గల్వాన్‌లో 20 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. ఆ కోపం న్యాయమైనదే, మర్చిపొమ్మని నేను అడగను. సైనికాధికారుల చర్చలైతే సాగాయి. ఇద్దరు నేతలూ మళ్లీ ద్వైపాక్షికంగా కూర్చోవడానికి మాత్రం 2024 అక్టోబర్‌లో రష్యాలోని కజాన్ దాకా ఆగాం. ఆ మధ్యలో మెషిన్ బిగించే చైనా ఇంజనీర్లకు వీసాలు రాక మా లైన్ ఆగిపోయింది. కాంట్రాక్టు పిల్లలను ఇళ్లకు పంపేశారు.

మీ శాఖలో రాష్ట్రాల కోసం ఒక విభాగం 2014 నుంచీ ఉంది. ఆ అధికారులను శ్రీసిటీకి, రేణిగుంటకు పంపండి. ఏ విడిభాగం రాకపోతే ఎన్నాళ్లలో పని ఆగుతుందో లైన్‌లో ఉన్నవాళ్లనే అడిగి రాసుకోమనండి. సరిహద్దులో ఏం జరిగినా, సరఫరాల మీద మాట్లాడే అధికారుల సమావేశం తేదీ తప్పకూడదు. ఇంజనీరు వీసాపై అవునో కాదో ఒక గడువులోగా చెప్పేయాలి. కాదన్నా సరే, ముందే తెలిస్తే పిల్లల జీతాలు ఆగకుండా వేరే ఏర్పాటు చేసుకుంటాం.

ఇట్లు,
రేణిగుంట లైన్ సూపర్‌వైజర్