మూసిన ఫీడర్, తప్పిన రేట్లు: మన ప్యానెల్ కొటేషన్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి

నమస్తే.

దసరా ముందు ఇచ్చిన అప్‌డేట్ వేసుకున్నవారు ఇది చివరిదాకా చదవండి. ఎక్సెల్ నుంచి రేట్లో క్వాంటిటీలో కాపీ చేసి మన బీవోఎం (ప్యానెల్‌లో పడే సరుకుల జాబితా) పట్టికలో పేస్ట్ చేసే అలవాటు ఉంటే తప్పకుండా చదవండి. ఆ అప్‌డేట్ తర్వాత, పట్టికలో ఏదైనా ఫీడర్ (ప్యానెల్‌లో ఒక్కో మోటారుకు కరెంటు పంపే భాగం) మూసి, అంటే దాని వరుసలు మడిచి కనబడకుండా ఉండగా పేస్ట్ చేస్తే అంకెలు పక్క ఫీడర్ వరుసల్లో పడ్డాయి. హెచ్చరిక రాలేదు, గడి ఎర్రబడలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది. ఎస్టిమేషన్ కుర్రాళ్లను ఎవరైనా తిట్టి ఉంటే, పాపం వాళ్ల తప్పేమీ లేదు.

ఏం జరిగిందో ఒక మోటార్ కంట్రోల్ ప్యానెల్ పెట్టి చెబుతాను. బయటి కరెంటు వచ్చే ఇన్‌కమర్, ఆరు మోటార్ ఫీడర్లు, కింద కరెంటును పంచే లోహపు పట్టీల బస్‌బార్ సెక్షన్. ఒక్కో ఫీడర్‌లో ఐదు వరుసలు: ఎంసీసీబీ (పెద్ద బ్రేకర్), కాంటాక్టర్ (మోటారును ఆన్-ఆఫ్ చేసే స్విచ్), ఓవర్‌లోడ్ రిలే, ఇండికేటర్ దీపాలు, లగ్గులు. ఫీడర్ పేరున్నది తల్లి వరుస. దాని మొత్తం లెక్కకట్టి వచ్చేదే కాబట్టి అందులో టైపు చేయడానికి లేదు. ఇప్పుడు రెండో ఫీడర్ మూసి ఉందనుకోండి. ఎక్సెల్‌లో ఆరు ఫీడర్ల రేట్లూ ఒకేసారి కాపీ చేసి, మొదటి ఫీడర్ ఎంసీసీబీ రేటు గడిలో కంట్రోల్-వి కొట్టారు. పాత వెర్షన్ మూసి ఉన్న ఐదు వరుసలను కూడా లెక్కలోకి తీసుకుని, కనబడకపోయినా వాటి రేట్లు వాటిలోనే వేసేది. కొత్తది కనబడే వరుసలనే లెక్కపెట్టింది. రెండో ఫీడర్ రేట్లు మూడో ఫీడర్‌కి వెళ్లాయి, అదీ ఒక వరుస జారి, ఎందుకంటే మొదటి రేటు మూడో ఫీడర్ తల్లి వరుస ఎదుట పడింది. ఎంసీసీబీ వరుసలో కాంటాక్టర్ రేటు, కాంటాక్టర్ వరుసలో రిలే రేటు, రిలే వరుసలో దీపాల రేటు పడ్డాయి. లగ్గుల వరుసకు వచ్చింది ఎక్సెల్‌లో తల్లి వరుస ఎదుట ఉన్న ఖాళీ గడి. ఖాళీ వస్తే ఉన్నదాన్ని కదపదు గనక అక్కడ పాత రేటే నిలిచిపోయింది. నాలుగు, ఐదు, ఆరు ఫీడర్లదీ ఇదే కథ. చివర మిగిలిన రేట్లు బస్‌బార్ వరుసల్లోకి దిగాయి.

ఒక్క గడిలో లక్ష తేడా వస్తే ఎవరైనా పట్టుకుంటారు. ఇక్కడ ఫీడర్లలో తగ్గింది, బస్‌బార్‌లో పెరిగింది, మొత్తం చూస్తే మామూలుగానే ఉంది. బస్‌బార్ దాకా వెళ్లకుండా మధ్యలో ఆగిన పేస్టులో అయితే తగ్గడమే తప్ప పెరగడం లేదు. రేటు తక్కువై ఎల్-వన్‌గా, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవారిగా నిలిచి ఆర్డర్ దక్కించుకున్నవారికి ఇది ఇంకా చేదు వార్త.

ముందు మీ దగ్గర ఏం చెడిందో చూసుకోవాలి. రిపోర్టుల్లో ‘రేటు తేడా’ తెరవండి. అప్‌డేట్ వేసిన రోజు నుంచి తారీఖు పెట్టండి. ఐటం మాస్టర్‌లో (ఐటమ్‌ల మూల జాబితాలో) ఉన్న రేటుకీ కొటేషన్ వరుసలో ఉన్న రేటుకీ 20 శాతం దాటి తేడా ఉన్న వరుసలన్నీ వస్తాయి. డిస్కౌంట్ వల్ల వచ్చే తేడా ఒకే దిక్కున, ఇంచుమించు ఒకే శాతంలో ఉంటుంది. ఒక ఫీడర్‌లో ఎంసీసీబీ సగానికి పడిపోయి, పక్క వరుసల్లో ఇంకో శాతం, ఇంకో శాతం కనబడితే అది జారిన పేస్టే. మాస్టర్‌లో రేటే లేని ఐటమ్‌లు ఈ రిపోర్టులో రావు. వాటిని కంటితో చూడాల్సిందే.

తప్పు దొరికాక చేత్తో దిద్దకండి. ఆ కొటేషన్ మీద కుడి క్లిక్ కొట్టి ‘మార్పుల చరిత్ర’ తెరవండి. ప్రతి గడికీ పాత విలువ, కొత్త విలువ, సమయం, ఎవరి లాగిన్ అన్నీ ఉంటాయి. ఒక పేస్టులో మారిన గడులన్నిటికీ సమయం ఒకటే ఉంటుంది కాబట్టి వాటిని కలిపి టిక్ చేసి ‘వెనక్కి’ నొక్కితే చాలు. ఆ పేస్ట్ తర్వాత మీరు చేత్తో మార్చిన గడులను అది ముట్టుకోదు, పక్కన పసుపు గుర్తు పెట్టి అడుగుతుంది. పార్టీకి (మీ దగ్గర ప్యానెల్ కొనేవారికి) పంపేసిన పీడీఎఫ్‌ను మాత్రం మేం వెనక్కి తీసుకురాలేం. అలాంటివి ఉంటే ఫోన్ చేయండి, ఎనీడెస్క్‌తో మీ కంప్యూటర్‌లోకి దూరం నుంచే వచ్చి కూర్చుని రివిజన్ తయారు చేసి ఇస్తాం. తేడా ఎంత, ఏ వరుసలో వచ్చింది అని మా లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మన్నా ఇస్తాం. మీ పార్టీకి చూపించుకోవచ్చు.

ఇక ఇది ఎందుకు జరిగిందో. ఆ చెట్టులాంటి పట్టికను మేం మొదటి నుంచీ సొంతంగా రాయలేదు. బయటి కంపెనీ అమ్మే గ్రిడ్ కాంపొనెంట్‌ను, అంటే పట్టిక చూపించే రెడీమేడ్ ముక్కను, ఏటా లైసెన్సు కట్టి వాడేవాళ్లం. మీరు కట్టే ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఫీజులో) కొంత అటే పోయేది. పెద్ద వెర్షన్ మారినప్పుడు వాళ్లు వరుసలను లెక్కపెట్టే పద్ధతి మార్చారు. వరుస నంబరు అంటే ఇదివరకు మొత్తం చెట్టులో ఎన్నోది అని. ఇప్పుడు తెర మీద ఎన్నోది అని. పేస్ట్ మొత్తం ఆ నంబరు మీదే నడుస్తుంది. విడుదల నోట్సులో దీని గురించి ఒకే ఒక్క వాక్యం, అదీ ‘స్క్రోలింగ్ వేగం పెంచాం’ అన్న శీర్షిక కింద. మేం వీడియో తీసి, ఇరవై వరుసల చిన్న ఉదాహరణ కట్టి పంపాం. ఇది ఇలాగే ఉండాలి, లోపం కాదు అని జవాబు. రెండోసారి రాస్తే ఒక సెట్టింగ్ చెప్పారు. అది పెడితే పేస్ట్ సరిగ్గా పడింది గానీ ట్యాబ్ నొక్కితే కర్సర్ మూసి ఉన్న వరుసల్లోకి దూరి మాయమైపోయింది. మూడోసారికి టికెట్ మూసేశారు. డబ్బులు కట్టించుకునే మెయిళ్లు మాత్రం ఏ ఏడూ ఆలస్యం కాలేదు.

అంతా వాళ్ల మీద తోసేస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. విడుదలకు ముందు మేం పేస్టును పరీక్షించాం. చెట్టు మొత్తం తెరిచి ఉంచి పరీక్షించాం. నలభై ఫీడర్ల ప్యానెల్ చేసే మనిషి అన్నీ తెరిచి పెట్టుకుని పని చేయడన్నది మాకు తట్టాల్సిన సంగతి. తట్టలేదు. ఇప్పుడు పరీక్షలన్నీ మూడు రకాలుగా నడుస్తున్నాయి: అన్నీ తెరిచి, అన్నీ మూసి, ఒకటి వదిలి ఒకటి మూసి. ఫిల్టర్ పెట్టినప్పుడూ, పెట్టనప్పుడూ.

ఆ కాంపొనెంట్‌ను తీసేశాం. పట్టిక ఇప్పుడు మా సొంతం. కొంచెం ముతకగా ఉంటుంది. కాలమ్‌లను లాగి అటూ ఇటూ మార్చుకోవడం కొన్నాళ్లు ఉండదు. ఆ నునుపు కోసం మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కే ఉద్దేశం లేదు.

రాయడం కన్నా కష్టమైంది ఒక నిర్ణయం: పేస్ట్ చేసిన అంకె ఏ వరుసదో దేన్ని బట్టి తెలుసుకోవాలి? స్థానాన్ని బట్టి అయితే ఇదిగో, చూశాం కదా. అన్నిటినీ బలవంతంగా తెరిపించి పేస్ట్ చేయించవచ్చు. అయినా ఎక్సెల్‌లో ఎవరో మధ్యలో ఒక వరుస చేర్చి ఉంటే మళ్లీ జారుడే. వరుస నంబరుతో, అంటే 1.2, 1.3 అని మీరు చూసే నంబరుతో పోల్చుదామని మొదట అదే రాశాం. చదవడానికి బాగుంటుంది, ప్రింటులోనూ అదే ఉంటుంది. కానీ ఎక్సెల్‌కి అది అంకెలా కనబడుతుంది. 1.10 అని ఉంటే చివరి సున్నా పీకేసి 1.1 చేస్తుంది. పదో వరుస రేటు మొదటి వరుసకు వెళ్తుంది. చుక్క బదులు గీత పెడదామంటే 3-2 ని తారీఖు చేస్తుంది. పైగా ఒక ఫీడర్‌ను పైకి జరిపితే కింద నంబర్లన్నీ మారతాయి. నిన్న ఎక్స్‌పోర్ట్ చేసిన షీటు ఇవాళ్టికి అబద్ధం అవుతుంది. ఐటం కోడ్ పెడదామంటే ఒకే కాంటాక్టర్ ఆరు ఫీడర్లలోనూ ఉంటుంది. ఆరింట్లో ఏది?

రెండు వారాలు దీని మీదే కొట్టుకున్నాక తెలిసింది, మేం రెండు ప్రశ్నలను ఒకటిగా చూస్తున్నామని. రేటు ఐటమ్‌కి చెందుతుంది. క్వాంటిటీ వరుసకు చెందుతుంది. కాబట్టి పేస్టులు ఇకమీద రెండు.

‘రేట్ల పేస్ట్’కి రెండు కాలమ్‌లు కావాలి: ఐటం కోడ్, రేటు. ఆ కోడ్ కొటేషన్‌లో ఎక్కడెక్కడ ఉంటే అక్కడంతా, తెరిచి ఉన్నా మూసి ఉన్నా, అదే రేటు పడుతుంది. డీలరు పంపిన ధరల షీటు నుంచి నేరుగా కాపీ చేసుకోవచ్చు. ఒకే ప్యానెల్‌లో ఒకే ఎంసీసీబీకి రెండు రేట్లు ఉండవా అని చర్లపల్లి నుంచి ఒకరు అడిగారు. ఉంటాయి, పార్టీ సరుకు ఇచ్చినప్పుడు. నాలుగు ఎంసీసీబీల్లో రెండు వాళ్లవే అయితే ఆ రెండిటి రేటు సున్నా. అలాంటి వరుసలకు ‘పార్టీ సరుకు’ టిక్ పెట్టండి. పేస్ట్ వాటిని ముట్టదు. ఆ టిక్ పెట్టకుండా చేత్తో సున్నా కొట్టి వదిలేసిన పాత కొటేషన్లు చాలా ఉన్నాయి. వాటిలో రేట్ల పేస్ట్ చేస్తే సున్నాలు పోతాయి కాబట్టి, సున్నా ఉన్న వరుస తగిలితే ముందుగా జాబితా చూపించి అడుగుతుంది.

‘క్వాంటిటీ పేస్ట్’కి వరుస గుర్తు కావాలి. ఆర్ అక్షరంతో మొదలయ్యే ఐదంకెల నంబరు అది. అక్షరం ఎందుకంటే ఎక్సెల్ దాన్ని అంకె అనుకోకుండా. వరుసను ఎక్కడికి జరిపినా ఆ గుర్తు మారదు. మా దగ్గర ప్రతి వరుసా తన గుర్తూ తన తల్లి గుర్తూ దాచుకుంటుంది, 1.2 లాంటి నంబరు తెర మీద చూపించేటప్పుడు కట్టుకునేది మాత్రమే. కొటేషన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన షీటులో మొదటి కాలమ్ అదే. చూడ్డానికి బాగా లేదని దాన్ని డిలీట్ చేయకండి. కావాలంటే హైడ్ చేసుకోండి, కాపీ చేసేటప్పుడు అది కూడా సెలెక్షన్‌లో ఉండాలి. గుర్తు లేని వరుస వస్తే పేస్ట్ మొత్తం ఆగుతుంది. సగం వేసి సగం వదలడం ఉండదు. కంట్రోల్-జెడ్ ఒక్కసారి కొడితే పేస్ట్ మొత్తం వెనక్కి పోతుంది, పాతదానిలా గడికి ఒకసారి కొట్టక్కర్లేదు.

క్వాంటిటీ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే ఇది మా లోపం కాకపోయినా వారానికి రెండు ఫోన్లు దీని మీదే వస్తాయి. పిల్ల వరుసలో రాసేది ఒక్క తల్లికి ఎంత అని. ఒక ఫీడర్‌కి మూడు సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు), ఫీడర్లు ఆరు, ప్యానెళ్లు రెండు అయితే గడిలో 3 అని రాయాలి. 36 మేం కట్టుకుంటాం. ఎక్సెల్‌లో మొత్తం రాసే అలవాటుతో 36 పేస్ట్ చేస్తే 432 సీటీలు అవుతాయి. ఇప్పుడు పక్కనే బూడిద రంగులో మొత్తం కనబడుతుంది. అది చూసి మూయండి. బస్‌బార్ కిలోల్లో రాసేవాళ్లు కూడా మీటరుకి బరువు చూసుకోండి: 50×10 రాగి మీటరుకు దాదాపు 4.45 కిలోలు, అదే సైజు అల్యూమినియం 1.35. ఒకదాని వరుసలో ఇంకొకటి పడితే మూడింతల తేడా.

వరుసను మౌస్‌తో లాగడం తీసేశాం. వరుస మీద వదిలితే దాని పిల్ల అయ్యేది, రెండు వరుసల మధ్య వదిలితే పక్కది అయ్యేది. ఆ రెండిటికీ తేడా నాలుగు పిక్సెళ్లు. ఆల్ట్-షిఫ్ట్ పట్టుకుని కుడి బాణం కొడితే లోపలికి, ఎడమ బాణం కొడితే బయటికి. తల్లిని డిలీట్ చేస్తే పిల్లలు కూడా పోవాలా, ఒక మెట్టు పైకి రావాలా అని అడుగుతుంది.

ఇక ఎక్సెల్‌కే తిరిగి పోతాం అన్నవారికి. పోండి, మీ ఇష్టం. కానీ గ్రూపు చేసి మూసిన వరుసలను ఎక్సెల్ కాపీ చేసేటప్పుడు అవీ కలిసి వస్తాయి. కనబడేవే కావాలంటే ఆల్ట్ పట్టుకుని సెమీకోలన్ నొక్కి ఆ తర్వాత కాపీ చేయాలి. ఫిల్టర్ పెట్టినప్పుడు మాత్రం కనబడేవే వస్తాయి. మొత్తం కట్టడానికి సమ్ ఫార్ములా వాడితే తల్లీ పిల్లలూ రెండుసార్లు కూడతాయి. తల్లి వరుసల్లోనూ చివరి మొత్తంలోనూ సబ్‌టోటల్ ఫార్ములా వాడాలి. అందులోనూ మొదటి నంబరుగా 9 వాడితే మూసిన వరుసలు కలుస్తాయి, 109 వాడితే కలవవు. 109 పెట్టి, ఫీడర్లు మూసి ప్రింటు తీస్తే మొత్తం మారిపోతుంది. అక్కడ మార్పుల చరిత్ర ఉండదు, తిట్టడానికి మేమూ ఉండం.

కొత్త అప్‌డేట్ ఈ శనివారం రాత్రి పడుతుంది. ఆదివారం పని చేసే షాపులవాళ్లు శుక్రవారం లోపు చెప్పండి, మీకు సోమవారం రాత్రి వేస్తాం. వేసే ముందు ఒక బ్యాకప్ దానంతట అదే తీసుకుంటుంది. డిస్క్‌లో 2 జీబీ ఖాళీ లేకపోతే ఆగిపోతుంది, కాబట్టి పాత పీడీఎఫ్‌లు కొన్ని పక్కకు పెట్టండి. తప్పు రేటుతో కొటేషన్ బయటికి వెళ్లిన ప్రతి కస్టమర్‌కీ వచ్చే ఏడాది ఏఎంసీ ఫీజు ఉండదు. రిపోర్టు స్క్రీన్‌షాట్ ఒక్కటి పంపితే చాలు, ఇంకేమీ నిరూపించక్కర్లేదు. లాగి వదిలే మౌస్ మళ్లీ పెట్టమని అడగవద్దు, పెట్టను.