నీ పాత ల్యాప్‌టాప్ ఉందా?

ఒరే శీనూ,

ఫోన్లో అడిగేద్దామనుకున్నాను గానీ, ఇది తీరుబడిగా రాయాల్సిన సంగతి.

హుద్‌హుద్ తుపాను మర్నాడు, అంటే 2014 అక్టోబరు 13న, నువ్వు పెదవాల్తేరు మా ఇంటికి వచ్చావు, గుర్తుందా? పై రేకులు ఎగిరిపోయి తాతయ్య పుస్తకాలన్నీ నానిపోయాయి. కరెంటు లేదు, నైలాను తాడు కట్టి ఒక్కోదాన్నీ బట్టల్లా ఆరేశాం. ఆయన బ్రౌన్ నిఘంటువు రెండింతలు ఉబ్బిపోయింది, పేజీలు విడదీస్తుంటే అక్షరాలు అవతలి పేజీకి అంటుకుని వచ్చేవి. చివరికి సగానికి పైగా పాత పేపర్లవాడికి వేసేశాం. వేసేయమన్నది నేనేరా. "ఇవన్నీ నెట్‌లో ఉంటాయి తాతయ్యా, చూపిస్తాను కదా" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు.

చూపించాను కూడా. ఒక సైటులో ఆయన పుస్తకాలు ఐదారు దొరికాయి, ఒక్కో పేజీ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది, ఆయన కళ్లద్దాలు సర్దుకుంటూ ఓపిగ్గా చదివేవారు. దింపుకుందామని మాత్రం నాకు తోచలేదు, ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. మొన్న మా పాప ఒక మాటకు అర్థం అడిగితే ఆ లింకు నొక్కాను. ఏమీ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు కనబడకుండా పోయాయని అమెరికాలో ప్యూ రీసెర్చ్ వాళ్లు 2024లో లెక్క తేల్చారు. అంతెందుకు, పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు కూడా ఆగిపోయింది. కానీ దాని పుస్తకాలు లక్షల్లో బతికే ఉన్నాయి, ఎందుకంటే కొందరు ముందుగానే కాపీలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో పెట్టారు. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా ఉంటాయి కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకాలి, అలా వెతికితే తాతయ్యవి రెండు దొరికాయి. తెర మీద ఏదో లైబ్రరీ ముద్ర, ఎవరో పెన్సిలుతో గీసిన గీత... చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

అయితే ఆ ఆర్కైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదురా. 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది. బ్రౌన్ నిఘంటువు చూడు, 1852 నాటిది, ఈరోజుకీ నాలుగు చోట్ల దొరుకుతోంది. షికాగో యూనివర్సిటీ వాళ్లు మాట కొడితే అర్థం వచ్చేలా పెట్టారు. నలుగురి దగ్గర ఉంది కాబట్టే నిలిచింది. అందుకే ఇప్పుడు పనికొచ్చే పేజీ కనబడితే, వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో అప్పటికప్పుడే సేవ్ చేస్తున్నాను, పుస్తకమైతే దింపి రెండు హార్డ్‌డిస్కుల్లో వేస్తున్నాను, ఒకటి ఇక్కడ, ఒకటి గాజువాకలో అక్క ఇంట్లో.

అసలు అడగాలనుకున్నది ఇదీ. అప్పట్లో తాతయ్య కోసమని నువ్వు కొన్ని దింపి నీ పాత ల్యాప్‌టాప్‌లో పెట్టావు కదా. అది పనిచేయకపోయినా ఫర్వాలేదు, అమ్మేయకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా, డిస్కు తీయించి చూద్దాం.

నీ
రాజు