అధికారం వార్డు దాకా దిగాలి

సంపాదకులకు నమస్కారం.

మన పట్టణాలకు కొత్త కమిషనర్ వచ్చినప్పుడల్లా తెల్లవారుజామున వీధుల్లో తనిఖీలు జరగడం, ఒకటి రెండు కొత్త కార్యక్రమాలు మొదలుకావడం, ఆ అధికారి బదిలీ కాగానే అవి మూలనపడటం చూస్తూనే ఉన్నాం. వచ్చినవారిలో చిత్తశుద్ధి లేదని నేననను. వారి చొరవ కార్యాలయ పద్ధతిగా స్థిరపడటం లేదన్నదే నా బాధ.

సూరత్‌లో అది స్థిరపడింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఆ నగరాన్ని విడిచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు నగరంలోని 6 జోన్లకు అధికారులను నియమించి, తన పాలనాధికారాలతో పాటు ఆర్థికాధికారాలనూ వారికి అప్పగించారు. ఉదయమంతా అధికారులు వీధుల్లో ఉండటం, మధ్యాహ్నం అందరూ కలిసి ఆనాడు కంటపడిన లోపాలను సమీక్షించుకోవడం నిత్యకృత్యమైంది. రాత్రిపూట రోడ్లు ఊడ్చే పద్ధతి వచ్చింది. అక్రమ కట్టడాల తొలగింపులో సంపన్నులకూ మినహాయింపు దొరకలేదు. ఇదంతా చేసింది చాలామటుకు పాత సిబ్బందే. నిర్ణయం తీసుకునే హక్కు దక్కితే అదే ఉద్యోగి ఎంత భిన్నంగా పనిచేస్తాడో ఇక్కడ గమనించాలి. రావు 1997 వరకే అక్కడ ఉన్నారు. అయినా నగరాల పరిశుభ్రతపై కేంద్రం జరిపే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2023కు గాను సూరత్ ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పొందింది. అందులో తర్వాతి అధికారుల, ప్రజాప్రతినిధుల కృషి కూడా ఉందనుకోండి.

మా వార్డులో మురుగుకాలువపై విరిగిన పలక మార్చడానికి ఫైలు ప్రధాన కార్యాలయానికి వెళ్లి రావలసి వచ్చింది. వార్డు ఉద్యోగి రోజూ ఆ గుంతను చూస్తూనే ఉన్నాడు కానీ, దాన్ని పూడ్పించే అధికారం అతనికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు, హైదరాబాదులో 2023లో వార్డు కార్యాలయాలు ఏర్పడ్డాయి. సిబ్బందిని ప్రజల చెంతకు తెచ్చిన ప్రభుత్వాలు, చిన్న మరమ్మతులకు నిర్ణీత మొత్తం వరకు స్వయంగా ఖర్చుచేసే అధికారాన్ని కూడా వారికి ఇవ్వాలి. ఆ ఖర్చును పరిశీలించడానికి వార్డు కమిటీలకు చట్టంలో చోటు ఉండనే ఉంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో ఇవి తప్పనిసరని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. ఈ కమిటీలు క్రమం తప్పకుండా సమావేశమయ్యేలా చూడాలనీ, సమావేశాల తేదీలనూ నిర్ణయాలనూ వార్డు కార్యాలయం గోడపై ప్రదర్శించేలా ఉత్తర్వులివ్వాలనీ రెండు రాష్ట్రాల పురపాలక శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పట్టణ పౌరుడు